గడ అందని నీటికి ఏ మోటారు?

చింతలపూడి అనగానే బయటివాళ్లకు మామిడి తోటలు, పామాయిల్ గెలలు గుర్తొస్తాయి గానీ పడవ గుర్తురాదు. అయితే ఈ మండలంలోనే, నాగిరెడ్డిగూడెం దగ్గర, తమ్మిలేరు జలాశయం ఉంది. పూర్తి మట్టం 355 అడుగులు, నిల్వ 3 టీఎంసీలు. అక్కణ్నుంచి దిగువకు పారే తమ్మిలేరు ఏలూరు మీదుగా వెళ్లి కొల్లేటిలో కలుస్తుంది. పైన లోతైన జలాశయం, కింద మనిషి నిలువెత్తు నీళ్లు కూడా చాలాచోట్ల ఉండని సరస్సు, సరస్సు చుట్టూ లెక్కలేనన్ని చేపల చెరువులు. చిన్న చేపల పడవకు కరెంటు మోటారు పెట్టుకోవాలా, పెడితే ఎలాంటిది పెట్టాలి అని అడిగితే ఈ ఒక్క ఏటి వెంటే మూడు రకాల జవాబులు వస్తాయి. అమ్మేవాళ్లు మాత్రం మూడు చోట్లకీ ఒకే జవాబు చెబుతారు: ఎక్కువ పౌండ్లది తీసుకోండి.

ఆ సలహా ఎందుకు తప్పో చెప్పాలంటే ఈ మోటారు ఎవరి కోసం పుట్టిందో తెలియాలి. 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణంలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల పేర్లు కలిపి మిన్ కోటా అన్న పేరు పెట్టారు. ట్రోలింగ్ మోటారు అని పిలిచే ఈ చిన్న కరెంటు మోటారు అంటే ఇప్పటికీ చాలామందికి గుర్తొచ్చే పేరు అదే. అక్కడ సరదాకి గాలం వేసేవాడు పెట్రోలు ఇంజన్ మీద సరస్సు నడిమికి వెళ్తాడు. చేప ఉన్నచోటికి చేరాక ఇంజన్ ఆపేసి, చేప బెదరకుండా మెల్లగా జరగడానికి ఈ చిన్న మోటారును నీళ్లలోకి దించుతాడు. అతనికిది రెండో ఇంజన్. మన జాలరికి రెండో ఇంజన్ ఎక్కడిది? ఒడ్డు నుంచి వల దాకా వెళ్లడానికీ, తడిసిన వలతో, పడిన చేపతో తిరిగి రావడానికీ ఉన్నది ఇదొక్కటే. అందుకే అమెరికా వాడు మెచ్చే సదుపాయాల్లో సగం మనకు దండగ. కాలితో తొక్కితే తిరిగేవి, ఉపగ్రహాల సాయంతో పడవను ఒకేచోట నిలబెట్టేవి ఉన్నాయి, నిజమే. వల తీసేవాడు ఆగాలంటే తాడుకు కట్టిన రాయి చాలు.

ఇక పౌండ్ల సంగతి. మోటారు మీద రాసి ఉండే పౌండ్లు హార్స్‌పవర్ కావు. ఫ్యాను నీటిని వెనక్కి తోస్తే పడవను ముందుకు నెట్టే బలం అది. 55 పౌండ్లంటే దాదాపు 25 కిలోల బలం. తయారీదారులు వాడే కొండగుర్తు ప్రకారం, పడవ, మనుషులు, సామాను కలిపిన బరువులో ప్రతి వంద పౌండ్లకూ రెండు పౌండ్ల నెట్టే బలం కావాలి. మన కిలోల్లో అయితే వంద కిలోలకు నాలుగున్నర పౌండ్లు అనుకోవచ్చు. పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ 120 కిలోలు, ఇద్దరు మనుషులు 130, తడి వలలు 30, చేప 50, బ్యాటరీ పెట్టెతో సహా 20. మొత్తం 350 కిలోలు. దీనికి కావలసింది 16 పౌండ్లే! అంగట్లో సాధారణంగా దొరికే వాటిలో చిన్నది 30 పౌండ్లది. అంటే కదలని నీటి మీద, గాలి లేని పూట చిన్న మోటారు కూడా మిగులే.

గాలి లేని పూట మీద భరోసా పెట్టుకుని మాత్రం మోటారు కొనకూడదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే ఈదురుగాలికి మామిడి రైతు ఎంత భయపడతాడో జలాశయం నడిమధ్య ఉన్న జాలరి అంతకంటే ఎక్కువ భయపడాలి. కాయ రాలితే డబ్బు పోతుంది, పడవ అదుపు తప్పితే ఇంకా పెద్దదే పోతుంది. ఎదురుగాలిలో నిండు పడవను ఒడ్డుకు చేర్చడానికి కొండగుర్తు చెప్పినదానికి దాదాపు మూడు రెట్లు బలం చేతిలో ఉండాలి. ఈ లెక్కన ఇద్దరు మనుషుల పడవకు 45 నుంచి 55 పౌండ్ల మోటారు సరిపోతుంది. ఆ పైన డబ్బు పెట్టడం నా దృష్టిలో అనవసరం.

ఎందుకంటే పౌండ్లు పెరిగినంత మాత్రాన వేగం పెరగదు. 30 పౌండ్లదీ 55 పౌండ్లదీ ఒకే తేలికపాటి పడవకు పెట్టి చూస్తే రెండూ గంటకు అయిదారు కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఆగిపోతాయి. వీటి ఫ్యాను మెల్లగా తిరుగుతూ ఎక్కువ నీటిని తోయడానికి మలిచినది. ట్రాక్టరు ట్రాలీని లాగుతుంది గానీ మోటారు సైకిలుతో పందెం వేయదు గదా, ఇదీ అంతే. పైగా నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడవే ఒక హద్దు గీస్తుంది. పన్నెండు అడుగుల పడవకు ఆ హద్దు గంటకు సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. దానికి దగ్గరపడే కొద్దీ ప్రతి అర కిలోమీటరు వేగానికీ పోసే శక్తి విపరీతంగా పెరిగిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఆన్‌లైన్ అంగళ్లలో 12 వోల్టుల మోటారు మీద 80, 90 పౌండ్లని రాసి అమ్ముతుంటారు. నమ్మకండి. పేరున్న కంపెనీల పట్టికలు చూస్తే 30 పౌండ్లది గరిష్ఠంగా 30 ఆంపియర్లు, 55 పౌండ్లది 50 ఆంపియర్లు లాగుతాయి. రెండూ 12 వోల్టులవే. అంటే పౌండుకు 11, 12 వాట్లు. 12 వోల్టుల మీద పెద్ద కంపెనీలు 55 దగ్గరే ఆగి, 70, 80 పౌండ్లకు 24 వోల్టులకూ, 100 దాటితే 36 వోల్టులకూ వెళ్తాయి. మోటారు వాట్లెన్నో అడిగి పన్నెండుతో భాగిస్తే అసలు పౌండ్లు తెలిసిపోతాయి.

అసలు ఎంపిక మోటారు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర జరుగుతుంది. మోటారు కొన్నాక మిగిలిన డబ్బుతో బ్యాటరీ కొనడం మనవాళ్ల అలవాటు. అది తిరగబడాలి. ముందు రోజుకు ఎంత దూరం తిరుగుతామో చూసుకుని బ్యాటరీ ఎంచుకోవాలి, ఆ బ్యాటరీ మోయగల మోటారును తరవాత తేవాలి.

ట్రాక్టరు బ్యాటరీ పెట్టేద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఇంజన్ స్టార్టు చేయడానికి నాలుగు సెకన్లు బలంగా కరెంటు ఇచ్చి ఊరుకునే బ్యాటరీ అది. గంటల తరబడి పిండితే కొన్ని నెలల్లోనే చచ్చిపోతుంది. ఇంట్లో ఇన్వర్టరు కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీ నయం, లోతుగా వాడినా తట్టుకుంటుంది. కానీ 150 ఆంపియర్ అవర్లది ఒక్కటే 55, 60 కిలోలు తూగుతుంది. అంటే చిన్న పడవలో జీతం లేని మూడో మనిషిని ఎక్కించుకున్నట్టే. దాని మీద రాసిన 150 కూడా పది, ఇరవై గంటల పాటు నిదానంగా వాడితే వచ్చే లెక్క. 50 ఆంపియర్లు ఒక్కసారిగా లాగితే అందులో చాలా భాగం చేతికందదు. ఆయుష్షు దక్కాలంటే సగానికి మించి వాడకూడదన్న నియమం ఒకటి. ఈ తరుగులన్నీ పోగా 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ 55 పౌండ్ల మోటారును నిండు వేగంతో ముప్పావు గంట నడిపితే గొప్ప.

అదే 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 11 నుంచి 13 కిలోలు తూగుతుంది, ఉన్న కరెంటు దాదాపు మొత్తం ఇస్తుంది, నిండు వేగంతో రెండు గంటలకు కొంచెం తక్కువగా నడుపుతుంది. కొనేటప్పుడు ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది, ఒప్పుకుంటాను. కానీ సీసం బ్యాటరీ వందల సార్లు చార్జింగుకు అరిగిపోతే ఇది వేల సార్లు తట్టుకుంటుంది. రోజూ వేటకు వెళ్లేవాడికి లిథియమే చవక. వారానికోసారి సరదాగా వెళ్లేవాడు మాత్రం సీసంతో సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడే జాలరికి పనికొచ్చే చిన్న లెక్క ఒకటుంది. పడవ వేగం సగం చేస్తే కావలసిన శక్తి సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారులో, ఫ్యాను దగ్గర పోయే నష్టాలు కలుపుకుని అయిదో వంతు అనుకుందాం. నిండు వేగంతో రెండు గంటల్లో పదకొండు కిలోమీటర్లు పోయి ఆగిపోయే పడవ, సగం వేగంతో అదే బ్యాటరీ మీద పాతిక కిలోమీటర్లకు పైగా పోతుంది. తెల్లవారుజామున అరగంట ముందు బయల్దేరేవాడికి చిన్న బ్యాటరీ చాలు. అయితే ఈ లాభం దక్కాలంటే మోటారులో వేగాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తగ్గించే ఏర్పాటు ఉండాలి. ముందుకు అయిదు గేర్లు, వెనక్కి మూడు గేర్లు అని చెప్పే చవక రకాలు వేగం తగ్గించినప్పుడు మిగిలిన కరెంటులో కొంత వేడిగా తగలేస్తాయి. మెడ మీద గేర్ల అంకెలు కాకుండా నిరంతరంగా తిరిగే యాక్సిలరేటర్ పిడి ఉన్నదే తీసుకోండి. పౌండ్ల కోసం పెట్టే అదనపు డబ్బు దీనికి పెడితే దక్కుతుంది.

ఖర్చు సంగతికి వస్తే, ఆ లిథియం బ్యాటరీ నిండడానికి ఒకటిన్నర యూనిట్ల కరెంటు పడుతుంది. ఇంటి మీటరు మీద కొద్ది రూపాయలే. లీటరు వంద దాటిన పెట్రోలుతో దీన్ని పోల్చడానికి కూడా లేదు. ఒడ్డున కరెంటు లేకపోతే 200 వాట్ల సోలార్ పలక రోజుకు సుమారు ఒక యూనిట్ దాకా ఇస్తుంది, పడవ మీద నీడకు కప్పుగానూ పనికొస్తుంది. కేరళలో ఇది పెద్ద ఎత్తునే జరిగింది. వైకోం దగ్గర 75 మంది ప్రయాణికులు పట్టే ఆదిత్య అనే సోలార్ పడవ 2017 నుంచి నడుస్తోంది. అక్కడి బ్యాక్‌వాటర్ల మీది ఎండల కంటే మన ఎండలు తక్కువేమీ కావు. కాకపోతే మన వేసవిలో బ్యాటరీ పెట్టెను పలక నీడలోనే, గాలి ఆడేచోట ఉంచాలి.

లిథియానికి ఒక దుర్గుణం ఉంది. సీసం బ్యాటరీ నీరసపడుతూ ముందే చెబుతుంది. ఇది చివరి నిమిషం దాకా ఒకే జోరు చూపించి, లోపలి రక్షణ సర్క్యూట్ తెగగానే ఉన్నపళంగా ఆగిపోతుంది. అందుకే ఎంత శాతం మిగిలిందో చూపే మీటరు లేకుండా పెట్టుకోవద్దు. తెడ్డు ఇంట్లో వదిలేసి వెళ్లొద్దు.

ఇప్పుడు మళ్లీ ఏటి వెంట నడుద్దాం. తమ్మిలేరు లాంటి జలాశయంలో గడ అడుగుకు అందదు. తెడ్డు వేసుకుంటూ పోవాల్సిందే. వయసు మీరిన జాలరికి, గాలికి ఎదురు వెళ్లేవాడికి ఇక్కడే మోటారు నిజంగా అక్కరకొస్తుంది. నీరు తీపి, ప్రవాహం తక్కువ, పడవ బయల్దేరే ఒడ్డూ వలలుండే చోటూ మరీ దూరం కావు. కరెంటు మోటారుకు ఇంతకంటే అనువైన నీరు లేదు. వేసవిలో మట్టం తగ్గినప్పుడు మాత్రం జలాశయాల్లో మునిగి ఉన్న చెట్ల మొద్దులకు ఫ్యాను తగులుతుంది. ఫ్యాను విరగకుండా తాను తెగిపోయే చిన్న పిన్ను చాలా మోటార్లలో ఉంటుంది. అలాంటివి నాలుగైదు, ఒక స్పానరు పడవలోనే పెట్టుకోవాలి.

చేపల చెరువుల దగ్గర నా జవాబు నిక్కచ్చిగా ఉండదు. కైకలూరు, మండవల్లి వైపు చెరువుల్లో మేత సంచులు కర్రలకు వేలాడదీస్తారు. మనిషి గడ వేసుకుంటూ ఒక్కో సంచి దగ్గరా ఆగాలి. పదడుగులకోసారి ఆగే పనికి మోటారు ఎందుకు? రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల తాళ్లు, వైర్లు అడ్డం. అక్కడి నీటిలో ఉప్పు ఉంటే మామూలు మోటారు తుప్పు పట్టిపోతుంది. ఉప్పునీటికని ప్రత్యేకంగా పూత వేసి, తాను తిని మోటారును కాపాడే జింకు ముక్క బిగించిన రకమే కొనాలి. పదుల ఎకరాల పెద్ద చెరువుల్లో చుట్టూ తిరిగి మేత చల్లేవాళ్లకు, నీటి నమూనాలు తీసేవాళ్లకు పనికొస్తుందేమో గానీ, చిన్న చెరువుకు వద్దనే అంటాను.

కొల్లేటిలో ఇంకా వద్దు. గడ అందే నీటిలో గడను మించిన సాధనం లేదు. గుర్రపు డెక్క, కిక్కిస, నాచు, పాత నైలాన్ వలల ముక్కలు ఫ్యానుకు చుట్టుకున్నాయంటే ప్రతి పది నిమిషాలకూ మోటారు ఎత్తి కత్తితో కోసుకోవాల్సిందే. రెక్కలు వెనక్కి వంగిన కలుపు ఫ్యానులు దొరుకుతాయి. అవి నాచును కొంత జార్చేస్తాయి గానీ వల దారాన్ని జార్చలేవు. ఆ దారం ఫ్యాను వెనక సందులో దూరి రబ్బరు సీలును కోస్తుంది, నీరు మోటారులోకి పోతుంది. ఈ మోటార్లు ఎక్కువగా చచ్చేది ఈ చావే. వారానికోసారి ఫ్యాను విప్పి చూడటం అలవాటు చేసుకుంటే మోటారు ఏళ్ల తరబడి ఉంటుంది. లోతు తక్కువ నీటిలో ఇంజన్ కావాల్సినవాళ్లు పొడవాటి షాఫ్టు వెనక్కి చాచిన ఇంజన్లు వాడతారు. ఫ్యానును ఎప్పుడంటే అప్పుడు పైకి లేపుకోవచ్చని. ఆ తెలివి కరెంటు మోటారులో లేదు. పైగా కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం జాబితాలోని చిత్తడి నేల. అక్కడ ఏ మోటారుకైనా అటవీశాఖ మాట ముందు వినాలి. ఒక్క మినహాయింపు కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక. గూడబాతులను చూపించే పడవలకు మాత్రం చప్పుడు, పొగ లేని మోటారు కంటే మంచిది లేదు.

పడవ ఆకారం కూడా లెక్కలోకి రావాలి. ఫైబర్ పడవకు వెనక నిటారు బల్ల ఉంటుంది, మోటారు బిగింపు దానికి సరిగ్గా పడుతుంది. తాటిదోనెకు అది లేదు. రెండు దోనెలు జత కట్టిన చోట వెనక గట్టి చెక్క అడ్డంగా బోల్టులతో బిగిస్తే మోటారు నిలుస్తుంది, మేకులతో కొడితే నిలవదు. గుండ్రటి పుట్టికి మోటారు పెట్టడం తిప్పలే. వెన్ను లేని పుట్టి సూటిగా పోకుండా తిరుగుతూనే ఉంటుంది. థర్మాకోల్ తెప్పల మీద బ్యాటరీ పెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. షాఫ్టు పొడవు కొలవడానికి పడవ నిండుగా ఉన్నప్పుడు వెనక బల్ల పైఅంచు నుంచి నీటి దాకా టేపు పట్టండి. దానికి ఇరవై అంగుళాలు కలిపితే ఫ్యాను మీద అడుగు దాకా నీరుంటుంది. తక్కువైతే అలకు ఫ్యాను గాలిని తన్నుతుంది. మన చిన్న పడవలకు 36 అంగుళాలది సాధారణంగా సరిపోతుంది.

వైరు దగ్గర పొదుపు చేసి మోటారును తిట్టుకునేవాళ్లు ఎక్కువ. 50 ఆంపియర్లకు ఇంటి వైరింగు తీగ పనికిరాదు. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, ఒత్తి బిగించిన లగ్గులు, బ్యాటరీకి దగ్గర్లోనే 60 ఆంపియర్ల డీసీ బ్రేకరు ఉండాలి. ఏసీ బ్రేకరు డీసీలో తెగేటప్పుడు నిప్పు రవ్వలు లేస్తాయి.

రిపేరు విషయంలో నా అభిప్రాయం కొంత పాతకాలపుదిగా కనిపించవచ్చు. కార్బన్ బ్రష్షులు లేని కొత్తరకం మోటార్లు కరెంటు తక్కువ తింటాయి, చప్పుడు ఇంకా తక్కువ. కానీ వాటి కంట్రోలరు పాడైతే విడిభాగం విదేశం నుంచి రావాలి. బ్రష్షుల మోటారు అయితే చింతలపూడిలోనో ఏలూరులోనో ఉన్న వైండింగు షాపు మెకానిక్ విప్పి చూడగలడు. బ్రష్షులు, బేరింగులు, ఆయిల్ సీలు కొలత చూసి వేయగలడు. బతుకుతెరువుకు వాడే పడవకు అదే మంచిది. పామాయిల్ తోటలో గడ్డి కోసే బ్రష్ కట్టరుకు తగిలించే పడవ ఫ్యాను సెట్లు కూడా అమ్ముతున్నారు. చవకే గానీ చెవి పక్కన ఆ మోత భరిస్తూ రోజూ వేటాడలేరు.

కాగితాల పని చివరికి పెట్టాను గానీ కొనే ముందే చేయాల్సింది అది. యంత్రంతో నడిచే పడవల నమోదుకు ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 ఉంది. జలాశయంలో వేట హక్కు సహకార సంఘం ద్వారా వస్తే సంఘం తీర్మానం ఉంటే మేలు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ లబ్ధిదారులకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం పెట్టారు. పడవ కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే మోటారు సంగతీ మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి. తాను పెట్టిన డబ్బు తిరిగొచ్చేదాకా ఆగలేని జాలరికి ఆ సాయమే తేల్చేస్తుంది, పౌండ్లూ వోల్టులూ కావు.

మత్స్యశాఖ అధికారులకు ఒక విన్నపం. తమ్మిలేరు ఒడ్డున సంఘానికి ఒక ఫైబర్ పడవ, 12 వోల్టుల 55 పౌండ్ల మోటారు, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, ఒక సోలార్ పలక, ఇద్దరికి లైఫ్ జాకెట్లు ఇచ్చి ఒక వేట కాలం నడిపించండి. రోజూ ఎంత దూరం పోయింది, ఎంత కరెంటు తాగింది, ఏమేం విరిగింది అన్నది సంఘం పుస్తకంలోనే రాయించండి. ఆ పుస్తకం చూశాకే సబ్సిడీ జాబితాలో ఏ మోటారు చేర్చాలో తేల్చండి.